తామర తిరగబెట్టడానికి కారణం రోగి ఒక్కడే కాదు
రోగులు మందు మధ్యలో ఆపేయడం వల్లే చర్మానికి ఫంగస్ వల్ల పట్టే తామర మళ్లీ వస్తోందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. అది సగం నిజమే. ఇప్పుడు మన దగ్గర బాగా వ్యాపించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్‌లో టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు అడ్డుకునే ఎంజైమును తయారుచేసే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ జన్యువు మారిపోయి, ఆ మందు పూర్తి కోర్సు వాడినా లొంగని కేసులున్నాయి. అప్పుడు డాక్టర్లు ఇంకో ఫంగస్ మందైన ఇట్రాకొనజోల్‌కు మారుస్తారు. ఆ క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. అన్నిటికంటే చేటు చేసేవి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్లోబెటాసోల్ అనే ఘాటైన స్టెరాయిడ్ కలిసిన క్రీములు. దురద వెంటనే తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. విశాఖ ఉక్కపోతలో, చెమట ఆరని నడుము దగ్గరా తొడల మడతల్లోనూ మరీనూ. యాంటీఫంగల్ (ఫంగస్‌ను చంపే) క్రీము మచ్చ అంచు దాటి 2 సెం.మీ. వరకు రాయాలి, మచ్చ పోయాక కూడా 2 వారాలు ఆపకూడదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ ఒకేసారి వైద్యం జరగాలి, తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే ఉండాలి.