కత్తి చేతికిచ్చే ఆస్పత్రులు

ఏటా మార్చిలో అమెరికా రెసిడెన్సీ సీట్ల, అంటే వైద్య డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో పొందే స్పెషలిస్టు శిక్షణ సీట్ల, ఫలితాలు రెండు విడతలుగా వస్తాయి. సీటు వచ్చిందో లేదో సోమవారం చెబుతారు. ఎక్కడ వచ్చిందో తెలియాలంటే శుక్రవారం దాకా ఆగాలి. జనరల్ సర్జరీలో సీటు వచ్చిందని సోమవారం ఎగిరి గంతేసిన తెలుగు ఇళ్లలోనే, శుక్రవారం ఆస్పత్రి పేరు వినగానే కాస్త మౌనం ఆవరిస్తుంది. "కమ్యూనిటీ హాస్పిటలా? యూనివర్సిటీ రాలేదా?" అని బంధువుల్లో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. ఏళ్ల తరబడి నిద్ర మానుకుని చదివి, సముద్రాలు దాటి వెళ్లిన పిల్లలు ఆ ఒక్క మాటకు చిన్నబోతారు. అలా చిన్నబోవాల్సిన పని లేదన్నది మా నిశ్చితాభిప్రాయం. సర్జన్ కావాలనుకునేవారికి కమ్యూనిటీ ఆస్పత్రి రెండో రకం బడి కాదు. పెద్ద పేర్లున్న చోట్ల కొన్నిసార్లు దొరకనిది అక్కడ దొరుకుతుంది. దాన్ని గుర్తించాలి, కాపాడుకోవాలి. దాని లోపాలు సరిచేయమని గట్టిగా అడగాలి కూడా.

కమ్యూనిటీ ఆస్పత్రి అంటే చుట్టుపక్కల జనానికి రోజూ వచ్చే జబ్బులకు వైద్యం చేసే ఆస్పత్రి. అపెండిక్స్ వాపు, పిత్తాశయంలో రాళ్లు, హెర్నియా, పేగుల్లో అడ్డంకి, పెద్దపేగు కేన్సర్, రొమ్ములో గడ్డ, చీము పట్టిన మధుమేహ రోగి కాలు... ఇవీ అక్కడి కేసులు. పరిశోధనల కోసం, అరుదైన జబ్బుల కోసం దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చే విశ్వవిద్యాలయ ఆస్పత్రి వేరు. కానీ సర్జన్‌ను తయారు చేసే నిబంధనలు రెండు చోట్లా ఒకటే. శిక్షణ ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ముఖ్య భాగం తానే నిర్వహించిన ఆపరేషన్లు కనీసం 850 ఉండాలి. అందులో 200 ఆఖరి ఏడాదిలో, అంటే చీఫ్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు చేయాలి. మరో 25 కేసుల్లో తాను పక్కన నిలబడి జూనియర్ చేత చేయించాలి. ఆ తర్వాత అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ పెట్టే రాత పరీక్ష, మౌఖిక పరీక్ష కూడా అందరికీ ఒకటే. ఏ ఆస్పత్రి నుంచి వచ్చావని చూసి అక్కడ మార్కులు వేయరు.

తేడా ఎక్కడుందంటే, ఆపరేషన్ బల్ల చుట్టూ ఎంతమంది నిలబడ్డారన్న దాంట్లో ఉంది. పెద్ద విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో రోగి బాధ్యత మోసే సీనియర్, అంటే అటెండింగ్ సర్జన్ ఉంటారు. ఆయన పక్కన ఐదేళ్లు పూర్తి చేసి, ఇంకా ప్రత్యేక శిక్షణ కోసం వచ్చిన ఫెలో ఉంటారు. తర్వాత సీనియర్ రెసిడెంట్, ఆ తర్వాత జూనియర్. పెద్ద కేసు వస్తే ముందు ఫెలోకే వెళ్తుంది. రెండో ఏడాది రెసిడెంట్ చేతికి అందేది కోతను తెరిచి పట్టుకునే రిట్రాక్టర్. చాలా కమ్యూనిటీ ఆస్పత్రుల్లో ఫెలోలు ఉండరు. బల్లకు అటు అటెండింగ్, ఇటు రెసిడెంట్. మధ్యలో రోగి.

దీని విలువ తెలియాలంటే ఒక్క పిత్తాశయం ఆపరేషన్‌ను దగ్గరగా చూస్తే చాలు. రాత్రి పదకొండు దాటింది. వాచిన పిత్తాశయం, కొవ్వు అంతా గట్టిపడి అతుక్కుపోయి ఉంది. మూడో ఏడాది రెసిడెంట్ ఎడమ చేత్తో పిత్తాశయం మెడను పట్టుకుని పక్కకు లాగుతూ, కుడి చేత్తో పొర తర్వాత పొర విప్పుకుంటూ వస్తున్నారు. కెమెరా అటెండింగ్ చేతిలో ఉంది. ఇద్దరి కళ్లూ స్క్రీన్ మీదే. అరగంటకు రెండు తీగలు బయటపడ్డాయి. ఒకటి నాళం, ఒకటి ధమని. వాటిని మూసే క్లిప్ అడిగారు రెసిడెంట్. "ఆగు. ముందు వెనక వైపు చూపించు" అన్నారు అటెండింగ్. పిత్తాశయాన్ని తిప్పి వెనక వైపు చూపించారు. "కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపోయిందా? పిత్తాశయంలోకి వెళ్తున్నవి ఈ రెండేనా? వీటి చుట్టూ కొవ్వు, పొరలు అన్నీ తొలగాయా? నాకు చెప్పు." రెసిడెంట్ చెప్పాలి. నోటితో చెప్పాలి. ఆ మూడు ప్రశ్నలకూ స్క్రీన్ మీదే జవాబు కనిపించినప్పుడే దాన్ని క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ అంటారు. 1995 నుంచి సర్జన్లు పట్టుబట్టి నేర్పుతున్న పద్ధతి ఇది. తొందరపడి పిత్తాశయం నాళం అనుకుని ప్రధాన పిత్తనాళానికి క్లిప్ వేసి కోసేస్తే ఆ రోగి జీవితమే తలకిందులవుతుంది. మళ్లీ ఆపరేషన్లు, కామెర్లు, ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరగడం. రెండు నిమిషాల మౌనం తర్వాత అటెండింగ్ అన్నారు, "ఇప్పుడు వెయ్యి."

ఆ రెండు నిమిషాలే శిక్షణ. పుస్తకంలో ఆ బొమ్మను వందసార్లు చూసినవారికి కూడా, క్లిప్ తమ చేతిలో ఉన్నప్పుడు గుండె కొట్టుకునే తీరు వేరుగా ఉంటుంది. ఆ చేతిని నమ్మి, అదే సమయంలో ఒక్క క్షణం కూడా కళ్లు తిప్పకుండా కనిపెట్టుకుని ఉండే సీనియర్ ఎదురుగా ఉండాలి. వచ్చే నెల ఇలాంటి కేసులోనే ఆయన సగం ప్రశ్నలే అడుగుతారు. ఏడాది తిరిగేసరికి ఏమీ అడగరు, చూస్తారంతే. ఇలా మెట్టు మెట్టుగా బాధ్యత చేతులు మారడమే సర్జరీ శిక్షణకు ప్రాణం. ఇప్పుడు కరువవుతున్నదీ అదే.

కరువవుతోందని ఊరికే అనడం లేదు. అమెరికాలో ఫెలోషిప్ కార్యక్రమాలు నడిపే డైరెక్టర్లను తమ దగ్గరికి వస్తున్న కొత్త సర్జన్ల గురించి అడిగి, ఆ జవాబులను 2013లో అనల్స్ ఆఫ్ సర్జరీ పత్రికలో ప్రచురించారు. ఐదేళ్ల శిక్షణ ముగించి వచ్చినవారిలో 30 శాతం మంది చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయాన్ని సొంతంగా తీయలేకపోతున్నారని ఆ జవాబుల్లో తేలింది. పెద్ద ఆపరేషన్‌లో ఎవరూ దగ్గర లేకుండా అరగంట పనిచేయలేనివారు 66 శాతం. ఇవి పరీక్ష పెట్టి లెక్కకట్టిన అంకెలు కావు, శిక్షకుల అంచనాలు. అయినా ఉలిక్కిపడాల్సిన మాటలే. కారణాలు ఏ ఒక్కరి తప్పూ కావు. డ్యూటీ గంటలు తగ్గాయి. అటెండింగ్ దగ్గరుండి తీరాలన్న నిబంధనలు, కోర్టు కేసుల భయం పెరిగాయి. రోబో వచ్చాక అటెండింగ్ దాన్ని నడిపే కన్సోల్‌లో కూర్చుంటే, రెసిడెంట్ రోగి పక్కన నిలబడి పరికరాలు మార్చే పనికి పరిమితమైపోయే రోజులు పెరిగాయి. అందుకే, బల్లకు అటూ ఇటూ ఇద్దరే నిలబడే ఆస్పత్రులు ఇప్పుడు మరింత అవసరం.

అలాగని కమ్యూనిటీ ఆస్పత్రులన్నీ గొప్పవని మేము చెప్పడం లేదు. అక్కడి అటెండింగ్‌లలో చాలామందికి ఆదాయం కేసుల లెక్క మీదే ఆధారపడుతుంది. రెసిడెంట్ చేత చేయిస్తే హెర్నియా ఆపరేషన్ ఇంకో అరగంట ఎక్కువ పడుతుంది. తర్వాతి కేసు రోగి బయట స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటారు, నర్సు గడియారం చూస్తుంటారు. అలాంటప్పుడు "ఇటివ్వు, నేను కానిచ్చేస్తా" అనడం తేలిక. ఓపిక పట్టి చేయించే అటెండింగ్‌కు ఆ సమయానికి తగ్గ ప్రతిఫలం ఆస్పత్రి యాజమాన్యం ఇవ్వాలి. నేర్పడాన్ని అటెండింగ్ మంచితనానికి వదిలేస్తే అది ఎంతోకాలం నిలవదు.

అవయవ మార్పిడి, చిన్నపిల్లల సర్జరీ, పెద్ద ప్రమాదాల కేసులు ఇలాంటి ఆస్పత్రుల్లో తక్కువ. వాటి కోసం రెసిడెంట్లను నెలల తరబడి వేరే ఆస్పత్రులకు పంపుతారు. కొత్త చోట పరాయివాడిలా ఆఖరి వరుసలో నిలబడాల్సి వస్తుంది. పరిశోధనకు అవకాశాలు తక్కువ కాబట్టి పీడియాట్రిక్ సర్జరీ లాంటి గట్టి పోటీ ఉన్న ఫెలోషిప్‌లు కావాలనుకునేవారికి దారి కష్టమే. ఇవి దాచకుండా చెప్పాల్సిన సంగతులు.

వీటన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది మరొకటి ఉంది. ఏడాదికి ఇద్దరో ముగ్గురో రెసిడెంట్లను తీసుకునే చిన్న శిక్షణ కార్యక్రమాల్లో ఒకరికి జబ్బు చేసినా, ఒకరు ప్రసూతి సెలవు మీద వెళ్లినా మిగతావారి రాత్రి డ్యూటీలు అమాంతం పెరుగుతాయి. శిక్షణ కోసం వచ్చినవారు డిశ్చార్జి కాగితాలు రాసేవారిగా, రాత్రంతా ఫోన్లకు జవాబు చెప్పేవారిగా మిగిలిపోయే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. 1984లో న్యూయార్క్‌లో 18 ఏళ్ల యువతి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసుకున్నది గంటల తరబడి డ్యూటీలో ఉన్న రెసిడెంట్లే. ఆ తర్వాతే రెసిడెంట్ల పని గంటల మీద, వారిపై పర్యవేక్షణ మీద పెద్ద చర్చ లేచింది. 1989లో ఆ రాష్ట్రం వారానికి 80 గంటల పరిమితి పెట్టింది. 2003లో అది దేశమంతటికీ వచ్చింది. 2011లో మొదటి ఏడాది వారికి వరుసగా 16 గంటలు మించకూడదన్నారు. కేసు మధ్యలో చేతులు కడుక్కుని వెళ్లిపోవాల్సి వస్తోందని సర్జన్లు వాపోయారు. 117 సర్జరీ కార్యక్రమాలను రెండు గుంపులుగా చేసి పోల్చిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. గంటల పరిమితిలో కొంత వెసులుబాటు ఇచ్చిన చోట రోగులకు అదనంగా హాని జరగలేదని తేలింది. 2017లో 16 గంటల నిబంధన తీసేశారు. 80 గంటల కట్టుబాటు మాత్రం నాలుగు వారాల సగటుగా అలాగే ఉంది.

ఆ 80 గంటలు కాగితం మీద ఉంటే చాలదు. 85 పనిచేసి 79 అని రాసే రెసిడెంట్ అబద్ధాలకోరు కాదు. నిజం రాస్తే తన కార్యక్రమానికే గుర్తింపు పోతుందేమో, సీనియర్లకు కోపం వస్తుందేమో అని భయపడుతున్న మనిషి. ఆ భయం తీర్చాల్సిన బాధ్యత ప్రోగ్రామ్ డైరెక్టర్‌దే. 2018లో దేశవ్యాప్తంగా సర్జరీ రెసిడెంట్లను అడిగితే, 38.5 శాతం మంది కనీసం వారానికోసారైనా తీవ్రమైన మానసిక అలసట అనుభవిస్తున్నామని చెప్పారు. 4.5 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. చేరిన ఐదుగురిలో దాదాపు ఒకరు మధ్యలోనే వదిలేస్తున్నారు. రోగి కడుపు మీద కత్తి పెట్టే చేతికి నిద్ర కావాలి, తిండి కావాలి. తప్పు జరిగిన రోజున పక్కన కూర్చుని మాట్లాడే పెద్దదిక్కు కావాలి. ఇద్దరు ముగ్గురే ఉన్న చోట ఎవరెలా ఉన్నారో ఇట్టే తెలుస్తుంది కాబట్టి, మనసు పెడితే చిన్న ఆస్పత్రులు ఈ పనిని పెద్దవాటికన్నా బాగా చేయగలవు.

ప్రిలిమినరీ సీట్ల సంగతి మరీ దారుణం. ఐదేళ్ల హామీ ఉన్న సీటు కేటగారికల్. ప్రిలిమినరీ అంటే సాధారణంగా ఒక్క ఏడాదికే. రేడియాలజీ, అనస్థీషియా లాంటి విభాగాల్లో సీటు ముందే ఖాయమైనవారికి అది ఒక మజిలీ మాత్రమే. అలాంటి సీటు ఏదీ లేకుండా చేరినవారికి మాత్రం ఏడాది తర్వాత ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అమెరికా బయట ఎంబీబీఎస్ చదివి వెళ్లినవారు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. అందరితో సమానంగా రాత్రిళ్లు పనిచేస్తారు. రెసిడెంట్లకు ఏటా పెట్టే పరీక్షలో తోటివారికన్నా మంచి మార్కులు తెచ్చుకుంటారు. తర్వాతి ఏడాది మళ్లీ ఇంకో చోట ప్రిలిమినరీ. వీసా గడువు తరుముతుంటుంది. ఆపరేషన్ల అవకాశం ముందు కేటగారికల్ వారికే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం అంతా బాగుందనే చెబుతారు. ముందు దారి చూపలేని ప్రిలిమినరీ సీట్లను, కేవలం రాత్రి డ్యూటీలకు మనుషులు కావాలని ఏ ఆస్పత్రీ నడపకూడదు. నడిపితే, గత ఐదేళ్లలో ఆ సీట్లలో చేరినవారు చివరికి ఎక్కడికి చేరారో దరఖాస్తు చేసేవారందరికీ ముందే చెప్పడం తప్పనిసరి చేయాలి. గుర్తింపునిచ్చే సంస్థ ఏసీజీఎంఈ ఈ ఒక్క నిబంధన పెట్టినా ఎంతోమంది యువ వైద్యుల ఏళ్లు వృథా కావు.

సీట్లే తక్కువ కావడం వెనక ప్రభుత్వ నిర్ణయం ఉంది. రెసిడెంట్ల శిక్షణకు ఎక్కువ డబ్బు వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ నుంచే వస్తుంది. 1997 నాటి చట్టం ఒక్కో ఆస్పత్రికి ఎన్ని సీట్లకు ఆ సొమ్ము ఇవ్వాలో దాదాపు 1996 నాటి లెక్క దగ్గరే ఆపేసింది. 2021 చట్టం కొత్తగా 1000 సీట్లు ఇచ్చినా, ఏడాదికి 200 మించకుండా పంచాలన్నది. అంతవరకు శిక్షణే ఇవ్వని ఆస్పత్రి కొత్తగా మొదలుపెడితే, తన కోటాను పెంచుకోవడానికి ఐదేళ్ల గడువు దొరుకుతుంది. చిన్న పట్టణాల ఆస్పత్రులు ఈ వెసులుబాటును వాడుకోవాలి. శిక్షణ పొందిన రాష్ట్రంలోనే స్థిరపడే వైద్యులు సగానికి పైగా ఉన్నారు కాబట్టి, సర్జన్లు లేని చోట సర్జన్లను నిలబెట్టే మార్గం కూడా ఇదే.

2023 జులై నుంచి అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ 18 ముఖ్యమైన పనులను ఎంచి, ప్రతి రెసిడెంట్‌ను ఒక్కోదానిలో ఎంతవరకు నమ్మవచ్చో అటెండింగ్‌లు అప్పటికప్పుడు నమోదు చేసే పద్ధతి తెచ్చింది. దగ్గరుండి చేయించాలా, దూరం నుంచి చూస్తే చాలా, సొంతంగా చేయగలరా అన్న మెట్ల లెక్క అది. కేసుల సంఖ్య ఒక్కటే చూసే కాలం పోయి చేతి పనితనాన్ని చూసే కాలం రావడం మంచి మార్పు. దీన్ని ఫోన్‌లో మొక్కుబడిగా నొక్కి వదిలేయకుండా, ఆపరేషన్ అయిన వెంటనే ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడే అలవాటుగా మార్చాలని అటెండింగ్‌లను కోరుతున్నాం.

ఈ ఏడాది దరఖాస్తు చేస్తున్నవారికి, వారి తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు గోడ మీద పేరు చూసి తిరిగి రావద్దు. అక్కడి చీఫ్ రెసిడెంట్‌ను పక్కకు పిలిచి, ఇప్పటికి ఎన్ని కేసులు చేశారో అడగండి. గత ఐదేళ్లలో ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారో, ఎందుకు వెళ్లారో అడగండి. రాత్రి రెండు గంటలకు పగిలిన అపెండిక్స్ కేసు వస్తే కత్తి ఎవరి చేతిలో ఉంటుందో, ఎదురుగా ఎవరు నిలబడతారో కూడా అడగండి.