ఓపీ చీటీలో లేని ప్రశ్న

ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో పొద్దున్నే గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి చూడండి. కాపరి గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చెవి మడిచి, నెత్తురు తాగి ఉబ్బిన పిడుదును పీకి, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య చిట్లగొడతాడు. వేళ్లను పంచెకు తుడుచుకుని మరో గొర్రెను పట్టుకుంటాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన జ్వరంతో ఆసుపత్రికి వస్తే చీటీ మీద పేరు, వయసు, ఊరు రాస్తారు. జీవాలున్నాయా అని మాత్రం అడగరు.

పిడుదుల ద్వారా, సోకిన జీవాల రక్తం ద్వారా మనిషికి వచ్చే క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరాన్ని పసిగట్టడం ఆ ప్రశ్నతోనే మొదలవాలి. ఇది మన దేశంలో తొలిసారి బయటపడింది 2011 జనవరిలో, అహ్మదాబాద్ జిల్లాలో. మరణించిన రోగికి వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. పిడుదుతో వచ్చిన వైరస్ ఆసుపత్రిలో రక్తంతో పాకింది.

నెల్లూరు గొర్రె, ఒంగోలు గిత్త మన గొప్ప. చిక్కల్లా ఈ వైరస్ సోకిన జీవానికి ఏమీ కాకపోవడమే. మేస్తుంది, సంతలో అమ్ముడవుతుంది. రక్తంలో మాత్రం వారం పాటు వైరస్ ఉంటుంది. ముప్పు కోసేవాడికి, కాపరికి, పశువైద్య సిబ్బందికి. ఉడికించిన మాంసం తినేవాళ్లకు కాదు. (పిడుదు జ్వరమనగానే గుర్తొచ్చే కోతుల జ్వరం 1957లో శివమొగ్గ అడవుల్లో బయటపడింది. దాని వైరస్ వేరు.)

మొదటి రోజుల్లో దీన్ని డెంగీ నుంచి వేరు చేయడం కష్టం. హఠాత్తుగా జ్వరం, నడుంనొప్పి, వాంతులు, పడిపోయే ప్లేట్‌లెట్లు. తర్వాత చిగుళ్ల నుంచి, సూది గుచ్చిన చోట నుంచి నెత్తురు. ఇక్కడ వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ వంటివేనన్నది నిజమే. అయితే ఆ పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చి, రోగి జీవాల మధ్య బతికేవాడైతే నమూనా పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాలి. తొలి రోజుల్లో ఆర్‌టీ-పీసీఆర్ వైరస్‌ను పట్టుకుంటుంది. యాంటీబాడీ పరీక్ష దాదాపు ఐదు రోజులు దాటాకే పనికొస్తుంది. జబ్బు ముదిరి చనిపోయేవారిలో చాలామందికి అసలు యాంటీబాడీలే తయారు కావు. ఆ ఒక్క నెగెటివ్‌ను పట్టుకుని ధీమాగా ఉండటం తప్పు.

వైద్యం సంగతికొస్తే వైరస్ మీద వాడే మందు రిబావిరిన్ పేరు వినిపిస్తుంది. మొదట్లోనే ఇస్తే మేలని చాలామంది వైద్యుల నమ్మకం. గట్టి రుజువులు మాత్రం లేవు. ప్రాణం నిలబెట్టేది సెలైన్, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా, గంటగంటకూ కనిపెట్టుకుని ఉండే నర్సు. ఆస్పత్రికి చేరిన వారిలో 10 నుంచి 40 శాతం మంది చనిపోతున్న జబ్బు ఇది.

మన ఊళ్లలో జ్వరమంటే ముందు పిర్రకు సూది. రక్తం గడ్డకట్టని మనిషికి కండలో పొడిచిన ఆ సూదే కొత్త గాయం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ నెత్తురు కారడాన్ని ఇంకా పెంచుతాయి. ఈ మాట ఆర్‌ఎంపీలకు చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కాపరికి ఒక జత గ్లౌజులు, ఒక పట్టకారు ఇవ్వడానికీ అక్కర్లేదు. ఓపీ చీటీలో ఒక గడి పెంచడానికి మాత్రం ఎవరో సంతకం పెట్టాలి.