టి-స్టార్ పూత లేని ప్లానార్ లెన్సు గురించి

హాసెల్‌బ్లాడ్ 500 సి/ఎం ఫిల్మ్ కెమెరాకు టి-స్టార్ పూత (గాజు మీద వెలుగు ప్రతిఫలనాన్ని తగ్గించేది) ఉన్న లెన్సులే కొనాలని ఒక వ్యాసంలో రాశారు. సూర్యుడికి ఎదురుగా తీసేవారికి ఆ పూత అవసరమే, కాదనను. కానీ ఫొటోలో పదును కోసమే అయితే నేను ఒప్పుకోను. నా దగ్గరున్నది ఆ పూత లేని పాత 80 ఎం.ఎం. ప్లానార్. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కు తగ్గించి తీసిన నెగటివ్‌ను భూతద్దంతో చూస్తే చేనేత చీర అంచులో పోగులు విడివిడిగా కనిపిస్తాయి.

నిజానికి పదును పోయేది ఎక్కువగా కెమెరా లోపలి అద్దం పైకి లేచేటప్పటి అదురు వల్ల. ట్రైపాడ్ మీద పెట్టి, అద్దాన్ని ముందే పైకి లేపి, ఆ తర్వాత కేబుల్ రిలీజ్ (కెమెరాను తాకకుండా ఫొటో తీసే తీగ మీట) నొక్కి చూడండి. 1/15 సెకను షట్టర్ వేగం దగ్గర తేడా స్పష్టంగా తెలుస్తుంది.

పాత లెన్సు కొనేవారు వెనుక నుంచి టార్చి వేసి చూడటం మరవొద్దు. మా తీరప్రాంతపు తేమకు గాజు మీద సాలెగూడులాంటి బూజు పడుతుంది. నేను కొన్న మొదటి 150 ఎం.ఎం. సోనార్ లెన్సు అలాగే పాడైంది, ఇప్పటికీ బాధే. షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి ఒక సెకను వేగం పెట్టి చెవి ఆనించి వినండి. శబ్దం మధ్యలో సాగినా, ఆగినా బాగుచేయించే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.