‘వెళ్ళొస్తాను’ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

మీరు క్షేమమని తలుస్తాను. మా ఇంట్లో మాత్రం మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్ళు లేవు. బోరు మోటారు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ స్టార్టర్ డబ్బా విప్పి, కెపాసిటర్ ఊడబీకి, జేబులో వేసుకుని, “వరంగల్ చౌరస్తా దాకా వెళ్ళొస్తాను సార్” అన్నాడు. సుబేదారి నుంచి చౌరస్తా ఏమంత దూరం? మీలో మొదటి సగం అక్షరాలా జరిగింది. రెండో సగం చీకటి పడినా బాకీయే.

అతణ్ణి అని లాభం లేదు, దోషం మీదే. ‘పోతాను’ అంటే అశుభమని, చావు స్ఫురిస్తుందని పెద్దలు ఆ మాటను తరిమేసి మిమ్మల్ని గుమ్మంలో కూర్చోబెట్టారు. తమిళుల ‘పోయిట్టు వరేన్’, కన్నడిగుల ‘హోగి బర్తీని’ మీ తోబుట్టువులే. ‘దేవుడు మీకు తోడుండుగాక’ అన్న దీవెన నోళ్ళలో నలిగి, 16వ శతాబ్దం నాటికి ఇంగ్లీషువాడి ‘గుడ్‌బై’గా మారింది. వాడు మనల్ని దేవుడికి అప్పగించి తన దారి చూసుకుంటాడు, తిరిగొస్తానని హామీ ఇవ్వడు. ఇటలీవాళ్ళ ‘చావ్’ (మన గుమ్మంలో అంటే చెప్పు తీస్తారు) వెనిస్ వాళ్ళ ‘మీ దాసుణ్ణి’లోంచి వచ్చింది. అదీ అబద్ధమే, కానీ దాన్ని నమ్మి ఎవరూ బకెట్లు పట్టుకుని నిలబడరు.

మీకూ ఒకప్పుడు మాట మీద నిలకడ ఉండేది. పద్మాక్షి గుండంలో ‘పోయి రా’ అని సాగనంపితే బతుకమ్మ ఏడాదికి వస్తుంది. మేడారంలో వనప్రవేశం చేసిన సమ్మక్క రెండేళ్ళకు మళ్ళీ గద్దెకు చేరుతుంది. తల్లులకు లేని తీరికలేనితనం ఈ మహానుభావుడికేమొచ్చింది? చావు ఇంట్లో మిమ్మల్ని పలకకూడదు, చెప్పకుండానే లేచి వెళ్ళాలి. అంటే నోరు మూసుకోవడం మీకు చేతనవును! మా మోటారు దగ్గరే ఎందుకు తెరిచావయ్యా ఆ నోరు? రానివాడి చేత ‘రాను’ అనిపించు. అశుభమైనా భరిస్తాను, ఇంకొకణ్ణి పిలుచుకుంటాను.

మీ తమ్ముడు ‘దారిలో ఉన్నాను’ ఒకసారి ఫోనులో పలకరించాడు. ఆ తర్వాత ఫోను మూగబోయింది. చీటీ మీదున్న రెండో నంబరుకు చేస్తే మెకానిక్ భార్య ఎత్తింది. “పొద్దున వెళ్ళొస్తానని వెళ్ళారండి, అన్నానికి కూడా రాలేదు” అంది. ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. “ఉంటానండి” అని పెట్టేసింది. మొత్తం వ్యవహారంలో అన్నమాట ప్రకారం ఉన్నది ఆవిడ ఒక్కతే.