సెలూన్ ముందు బల్లను తొలగించవద్దు

ఆంధ్రప్రదేశ్‌లో నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలవారీ ఉచిత విద్యుత్తును 150 యూనిట్ల నుంచి 200 యూనిట్లకు పెంచిన తర్వాత సాగుతున్న చర్చ అంతా ఒక కులానికి అందిన సాయం చుట్టూనే తిరుగుతోంది. నాయీ బ్రాహ్మణులకు ఆ సాయం దక్కవలసిందే. అయితే శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి పరిసరాల్లోనైనా, విజయనగరం గంటస్తంభం సందుల్లోనైనా, రెండు కుర్చీలు, ఒక బల్ల ఉన్న సెలూన్ ఒక కుటుంబాన్ని పోషించడంతో ఆగిపోవడం లేదు. పైసా ఖర్చు లేకుండా నలుగురు కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుకోగల చోటు చిన్న పట్టణంలో ఇప్పుడు అదొక్కటే.

ఆ చోటు ఎలా పుట్టిందో గుర్తు చేసుకోవాలి. పల్లెల్లో క్షురకుడు ఇంటింటికీ వెళ్లి పని చేసి, నూర్పుల వేళ కళ్లంలో ధాన్యం తీసుకునేవాడు. ఎవరి అరుగు ఎక్కాలో, ఎవరి వాకిలి తొక్కకూడదో ఊరి కట్టుబాటు నిర్ణయించేది. దళితవాడకు ఆ కత్తెర వెళ్లేది కాదు. అదే మనిషి పట్టణంలో గది అద్దెకు తీసుకుని, గోడకు ధరల పట్టిక తగిలించిన నాడు ఆ సంబంధం తలకిందులైంది. అతడు గడపలు ఎక్కడం మానేశాడు. జనమే అతని గడప ఎక్కి, ముందు వచ్చినవారి వెనుక వరుసలో కూర్చోవలసి వచ్చింది. 1948 నవంబరులో రాజ్యాంగ సభ, దుకాణాల వంటి చోట్లకు వెళ్లనీయడంలో కులమత వివక్షను నిషేధించే నేటి 15వ అధికరణపై చర్చించినప్పుడు, దుకాణం అన్న మాటకు అంబేడ్కర్ ఎంతో విశాలమైన అర్థం చెప్పారు: కోరి వచ్చిన ఎవరికైనా తన సేవ అందించడానికి యజమాని సిద్ధపడిన చోటు దుకాణమే. ఆ వివరణ చదివిన ప్రతిసారీ నాకు సెలూన్ బల్లే కళ్లకు కడుతుంది. మేస్త్రీ, మాస్టారు, ఆటో నడిపే కుర్రాడు భుజాలు తగిలేలా కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూసే ఆ బల్లకు వెనుక ఇంత పోరాటం ఉంది.

ఆదివారం ఉదయం ఏ సెలూన్‌కైనా వెళ్లి చూడండి. ఒకే దినపత్రిక పేజీలుగా విడిపోయి నలుగురి చేతుల్లో ఉంటుంది, జిల్లా వార్తల పేజీకి పోటీ ఎక్కువ. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, గుజరాత్‌లోని వీరావల్ రేవు నుంచి వచ్చిన వలస కూలీలు అక్కడి కూలి రేట్లు, పని దొరికే చోట్లు చెప్పుకునేది ఆ కుర్చీలోనే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. పగటి వెలుగులో కత్తెర, దువ్వెనతో పని సాగించిన ఒక చిన్న సెలూన్‌లో, ఏ దారి తెరుచుకుంది, నష్టం రాసుకునేవారు ఏ ఊరికి వచ్చారు అన్న కబురు ముందుగా అందడం నేను చూశాను.

అక్కడ మగవారే ఉంటారని, పార్టీల గొడవ తప్ప పనికొచ్చే మాట ఉండదని కొందరంటారు. మొదటిది నిజమే. దానికి పరిష్కారం ఆడవారికీ అలాంటి తావు కల్పించడమే గానీ, ఉన్నదాన్ని పోగొట్టుకోవడం కాదు. రెండో మాట నేను ఒప్పుకోను. వేరే పార్టీ మనిషి పక్కనే కూర్చుని, అతని వాదన చివరిదాకా వినక తప్పని చోటు ఇంకెక్కడుంది?

అసలు మన పట్టణాల్లో ఊరికే కూర్చునే చోట్లన్నీ కరిగిపోతున్నాయి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు కడుతున్నాం, అయినా సాయంత్రం పనులు ముగించుకుని వచ్చేవారికి తలుపు తెరిచి ఉంచే పఠన మందిరం మన వీధిలో ఉందా? ఆ సెస్సులో చిల్లిగవ్వ తీసుకోని సెలూన్ మాత్రం పత్రిక కొని బల్ల మీద పెడుతోంది. పురపాలక దుకాణ సముదాయాలు కట్టేటప్పుడు ఒక్కో సెలూన్‌కు అందుబాటు అద్దెలో గది, దాని ముందు బల్ల పట్టేంత వరండా కేటాయించాలి. కాలువల మీది ఆక్రమణలు తొలగించే రోజున సిబ్బంది మొదట లారీలోకి ఎక్కిస్తున్నది ఆ బల్లనే.