పటాన్‌చెరుకు జరిగిన అన్యాయం

ఆఖరికి ఎంజైమ్ పేరులోనూ ఢిల్లీ పెత్తనమేనా? 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర దాదాపు ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. ఆయన అంతకుముందు ఢిల్లీలో ఆస్పత్రిపాలయ్యాడట. అంతే, దాని ఎంజైమ్‌కి ‘న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్’ అని బారసాల చేసేశారు. ముద్దుపేరు ఎన్‌డీఎం-1. రెండు జింకు అయాన్ల సాయంతో నీటి అణువును ఉసిగొల్పి, పెనిసిలిన్ మొదలు ఆఖరి అస్త్రంగా వాడే కార్బపెనెమ్ దాకా ఆ యాంటీబయాటిక్‌ల ప్రాణమంతా ఉండే బుల్లి వలయాన్ని పుటుక్కున విరిచేస్తుంది. ఈ ఎంజైమ్ జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరం మీద ఉంటుంది కనుక, పక్కింటికి గిన్నెలో కూర పంపినట్టు వేరే జాతి బ్యాక్టీరియాకూ పంపేస్తుంది. 2010లో మన ప్రభుత్వానికి కోపం వచ్చింది. బ్యాక్టీరియా మీద కాదు, పేరు మీద.

నా కోపమూ పేరు మీదే, కాకపోతే మన పేరు ఎందుకు పెట్టలేదని. 2007లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల మురుగును ‘శుద్ధి’ చేసి వదిలే నీళ్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! రోజుకు 45 కిలోలని లెక్క కట్టారు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90,000. చీటీ లేదు, ఫీజు లేదు, క్యూ లేదు. వాగులో ఉన్న ప్రతి క్రిమికీ ఉచితం. ఏ పథకమైనా ఇంత సక్రమంగా లబ్ధిదారుడికి చేరిందా?

లబ్ధిదారులూ ఊరికే తిని కూర్చునే రకం కాదు. సిప్రో వచ్చి డీఎన్‌ఏ చిక్కులు విప్పే గైరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. ఈ.కొలై ఏం చేస్తుంది? జన్యువులో ఒక్కటంటే ఒక్క అక్షరం మారుస్తుంది. దాంతో గైరేజ్‌లో 83వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి లూసీన్ అనే ఇంకొకటి వస్తుంది, మందుకు పట్టు జారుతుంది. న్యూమరాలజీవాళ్లు చెప్పిందీ ఇదే కదా, ఒక్క అక్షరం మారిస్తే దశ తిరుగుతుందని! (మా బావ తన పేరులో రెండు మార్చాడు. ఏమీ తిరగలేదు.) అప్పటికీ లోపలికి చొరబడ్డ మందును బయటికి తోడేసే పంపులు వేరే ఉన్నాయి. వాటికి కరెంటు కోత కూడా లేదు.

కాబట్టి ఆ 83వ స్థానపు మార్పునైనా ‘పటాన్‌చెరు మార్పు’ అని పిలవాలని వినతిపత్రం రాయడానికి కూర్చున్నాను. గొంతు నొప్పి మొదలైంది. మెడికల్ షాపులో అడిగితే డాక్టరు చీటీ ఊసే ఎత్తకుండా అజిత్రోమైసిన్ రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. ఒకటి వేసుకున్నా. రెండోది మా బావకి ఉంచాను, మొన్నటి నుంచి తుమ్ముతున్నాడు.