సూదులు బయట, స్వెటరు లోపల

హైదరాబాదులో చలి డిసెంబరులో వచ్చి, సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయేలోపే తిరుగుముఖం పడుతుంది. ఆ కాస్త చలికి కావలసిన స్వెటర్లను టిబెటన్లు ఏటేటా తెచ్చి, వరుసగా దుకాణాలు పెట్టి అమ్మిపోతారు. ఇటువంటి ఊళ్ళో ఎం.ఎస్సీ. గణితం చదువుకుంటూ, ఏప్రిల్ ఎండల్లో ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంటూ, ఒళ్ళో ఉన్ని వేసుకుని స్వెటరు అల్లే ఆడపిల్లను చూసినవారికి అనుమానాలు కలగడంలో వింతేమీ లేదు. ఆ అనుమానాల్లో అన్నిటికంటే పెద్దది ఒక్కటే ఉంటుంది: ఎవరికి?

పాత తెలుగు సినిమాలు మనకు చేసిన అపకారాల జాబితాను ఎవరైనా రాయదలిస్తే, అల్లికకు చేసినదాన్ని అందులో తప్పక చేర్చాలి. ఆ సినిమాల్లో కథానాయిక రెండు సూదులు చేతబట్టిందంటే దానికి అర్థం మరొకటి ఉండదు. భర్త ఆఫీసు నుంచి వస్తాడు, బొమ్మకు సరిపోయేంత స్వెటరును ఎత్తి చూస్తాడు, "నిజంగానా?" అంటాడు, ఆమె గోడవైపు తిరుగుతుంది, పాట మొదలవుతుంది. మా హాస్టలు వార్డెను గారు ఆ సినిమాలన్నీ విడుదలైన వారంలోనే చూసిన తరానికి చెందినవారు. మా పెద్దమ్మ కూతురికి బాబు పుట్టాడని తెలిసి నేను ఒక చిన్న టోపీ మొదలుపెట్టిన రోజుల్లో, ఆవిడ ఒక సాయంత్రం మా గదికి వచ్చి, మంచం మీద కూర్చుని, అంతకుముందెన్నడూ లేని ఆదరంతో నా ఆరోగ్యం గురించి విచారించారు. వేళకు తింటున్నావా అని అడిగారు, నిద్ర పడుతోందా అని అడిగారు, పొద్దున లేవగానే వికారంగా ఉంటోందా అని కూడా అడిగారు. మా మెస్సులో ఉప్మా వండిన వాసన తగిలిన రోజున వికారం కలగని మనిషి ఆ భవనంలోనే లేదు గనుక, ఉంటోందని నేను ఉన్నమాట చెప్పాను. ఆవిడ నిట్టూర్చి, నా తల నిమిరి, తిన్నగా ఆఫీసు గదికి వెళ్ళి మా ఇంటికి ఫోను చేశారు. "అది మా అక్క మనవడికండీ" అని మా అమ్మ ఆవిడను నమ్మించేసరికి రాత్రి భోజనాల వేళ దాటిపోయింది. ఆనాటి నుంచి నేను పదిమంది ఎదుట పెద్దవాళ్ళ సైజు వస్తువులు మాత్రమే అల్లుతున్నాను. చంటిపిల్లలవి ఏవైనా ఉంటే దుప్పటి చాటున అల్లవలసివస్తోంది.

మా ఊరివైపు నుంచి నాకు ఈ విషయంలో మద్దతు దొరికి ఉండవలసింది, కానీ దొరకలేదు. మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లికను ఆ ప్రాంతపు ఆడవాళ్ళు వంటపనీ, ఇంటిపనీ ముగిశాక అరుగుల మీద కూర్చుని అల్లి అల్లి దేశదేశాలకు పంపించారు. మా అమ్మమ్మ కూడా వారిలో ఒకరు. ఆవిడ దృష్టిలో అల్లిక అంటే చివర కొక్కెం ఉన్న సూది ఒకటి, తెల్లటి నూలు, అంతే. "ఒక్క సూదితో అయ్యే పనికి రెండు పుల్లలు దేనికే? చెయ్యి తిరగని వాళ్ళకి ఊతకర్రలేమో" అని ఆవిడ నా సూదులను చూసి తీర్పు చెప్పారు. ఆవిడను మెప్పించాలని, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణితాచార్యురాలు 1997లో హైపర్బోలిక్ తలాన్ని, అంటే ప్రతిచోటా గుర్రపు జీనులా వంగి ఉండే తలాన్ని, అచ్చంగా అల్లి చూపించారనీ, అంతవరకు కాగితం ముక్కలు అతికించి నానా అవస్థలు పడుతూ తయారుచేసిన నమూనా అల్లికతో చేతికి అందివచ్చిందనీ చెప్పాను. అమ్మమ్మ అంతా శ్రద్ధగా విని, "ఆవిడ ఎన్ని సూదులతో అల్లిందే?" అని అడిగారు. టైమినా వాడినది క్రోషే సూది. ఒక్కటే. ఆ మాట నా చేత చెప్పించుకుని అమ్మమ్మ మళ్ళీ లేసులో పడ్డారు.

నిజానికి ఆవిడ మాటలో వెటకారం ఎంత ఉన్నా, వాస్తవం అంతకంటే ఎక్కువే ఉంది. కొక్కెం సూదితో అల్లేటప్పుడు ఒక ఉచ్చు పూర్తయ్యాకనే ఇంకొకటి మొదలవుతుంది కాబట్టి, ఎప్పుడు ఆపినా గాలిలో ఉండేది ఒకే ఒక్క ఉచ్చు. రెండు సూదుల అల్లికలో వరుస మొత్తం, ఉన్న కుట్లన్నీ, సూది మీద నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తుంటాయి. సీదా కుట్టయినా ఉల్టా కుట్టయినా అంతే. మా టోపాలజీ ఆచార్యులు ఒకసారి తరగతిలో నా చేతిలోని అల్లికను గమనించి, బయటికి పంపకుండా, దానిని బల్ల మీద పరిపించి ముళ్ళ సిద్ధాంతం చెప్పారు. ఇంత బట్టలో అసలు ముడి అనేదే లేదనీ, ఉచ్చులోంచి ఉచ్చుగా నడిచిన ఒకే దారమనీ, సూది తీసి కొస పట్టుకుని లాగితే మొదటి వరుస దాకా ఆగకుండా వచ్చేస్తుందనీ వివరించారు. నిరూపణ ఇంటిదగ్గర ప్రయత్నించమన్నారు. ఇంటి దాకా వెళ్ళే అవసరం నాకు కలగలేదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి సీట్ల కబుర్లు రావడం మొదలవగానే నాకు బంధువులు పెరుగుతారు. అప్పటివరకు నా అల్లికను ముసలమ్మల వ్యాపకమన్నవారే వచ్చి పక్కన కూర్చుని, ఉన్నిని మునివేళ్ళతో తడిమి, "షికాగోలో మైనస్ ఇరవై ఉంటుందట కదా" అని వాతావరణం మీదుగా విషయానికి వస్తారు. మా సీనియరు అక్క ఒకామె అలాగే వచ్చి, "చిన్న స్వెటరేగా, సెలవుల్లో అయిపోదూ?" అన్నది. పది సెంటీమీటర్లకు 18 కుట్లు, 24 వరుసల చొప్పున, ఛాతీ 100 సెంటీమీటర్లు, పొడవు 65 సెంటీమీటర్లు ఉండే స్వెటరుకు చేతులూ మెడా వదిలేసినా 28,080 కుట్లు పడతాయని కాగితం మీద వేసి చూపించాను. "నువ్వు లెక్కల్లో గట్టిదానివే" అని మెచ్చుకుని, చేతులు కాస్త పొడుగ్గా అల్లమని చెప్పి వెళ్ళిపోయింది. తను దింపి ఇచ్చిన అమెరికా నమూనాలో సూది నంబరు ఎనిమిది అని ఉంది. ఇంగ్లండు లెక్కను అనుసరించే మన దుకాణాల్లో ఎనిమిది అడిగితే 4 మిల్లీమీటర్ల సూది ఇస్తారు, అమెరికావారి ఎనిమిది 5 మిల్లీమీటర్లది, దానికి మన దగ్గర నంబరు ఆరు. అక్కడ అంకె పెరిగినకొద్దీ సూది లావవుతుంది, ఇక్కడ సన్నబడుతుంది. ఈ గొడవంతా తేల్చుకుని, కోఠీలో ఆరో నంబరు అల్యూమినియం సూదులూ, ముదురు నీలం ఉన్నీ కొని, వెనక ముక్క మొదలుపెట్టాను. (ఆ అక్కతో పాటు చివరికి విమానమెక్కింది మాత్రం మఫ్లరు. ఆగస్టులో దిగి, అక్కడ ఉక్కపోతగా ఉందని ఫోను చేసింది.)

వెనక ముక్కకు 90 కుట్లు. చంకల దాకా, అంటే 96 వరుసలు, పూర్తయిన సాయంత్రం నేను చదువుకుందామని గ్రంథాలయానికి వెళ్ళాను. రీడింగు రూములో ఏసీ ఉంటుంది, రెండు సిద్ధాంతాల నడుమ ఒక వరుస అల్లుకుంటే బుర్రకు తెరిపిగా ఉంటుంది. అయితే ఆ రోజు తలుపు మీద కొత్త నోటీసు, తలుపు ముందు కొత్త సెక్యూరిటీ గార్డు కనిపించారు. ఎవరో ప్రేమికుడు కంపాసు ములుకుతో రీడింగు రూము బల్ల మీద తన పేరునూ, తన పక్కన ఉండటానికి ఏమాత్రం ఇష్టపడని ఇంకొక పేరునూ లోతుగా చెక్కినందువల్ల, పదునైన వస్తువులూ సంచులూ లోపలికి అనుమతింపబడవని అధికారులు నిర్ణయించారట. గార్డుకు యాభై దాటి ఉంటాయి, మనిషి నెమ్మదస్తుడు. నా అల్లికను చేతిలోకి తీసుకుని, రెండు సూదులనూ దీపానికి ఎదురుగా పట్టి చూసి, "గివి నడవయ్ బిడ్డా, మొనలున్నయి" అన్నారు.

"బాబాయ్ గారూ, అవి తీస్తే..." అని నేను వాక్యం మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోపు ఆయన అద్భుతమైన జాగ్రత్తతో, ఒక్క పోగుకు కూడా దెబ్బ తగలకుండా, రెండు సూదులనూ బయటికి లాగి, వార్తాపత్రికలో చుట్టి, రిజిస్టరులో రాసుకున్నారు. ఉన్ని ఉండ ఉన్న నా సంచికి జిప్పు బిగించి, అరలో పెట్టారు. 90 నోళ్ళు తెరుచుకున్న స్వెటరు ముక్కను మాత్రం చక్కగా మడిచి నా చేతికిచ్చి, "బట్టకేం రూలు లేదు, తీస్కపో" అని అభయమిచ్చారు. అరలోని సంచికీ నా చేతిలోని ముక్కకూ నడుమ ముదురు నీలం దారం ఒకటి మిగిలింది.

పెన్సిలుకు పదును ఉన్నా అది చదువు సామగ్రి కిందికి వస్తుంది. గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని, దారం లేని కొస నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క కుట్టునూ పెన్సిలు మీదికి ఎక్కిస్తున్నాను. సగం ఎక్కాయో లేదో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పరిశోధక విద్యార్థి ఒకరు లోపలినుంచి వచ్చి, నా సంచి పక్కనున్న తన సంచిని భుజాన వేసుకుని క్యాంటీను వైపు నడిచారు. ఆయన సంచి బకిలులో నా దారం చిక్కుకున్న సంగతి నాకు నా ఒళ్ళో కదలికను బట్టి తెలిసింది. గార్డు అంత గట్టిగా బిగించిన జిప్పు వల్ల ఉండ నుంచి ఒక్క అంగుళం కూడా రావడం లేదు. రావలసినదంతా స్వెటరు నుంచే వస్తోంది. ఒక వరుసకు దాదాపు మీటరున్నర దారం పడుతుంది, మనిషి మామూలుగా రెండడుగులు వేస్తే వరుస పోతుంది. సూదికి చివర ఉండే గుండు పెన్సిలుకు ఉండదు గనుక, అది మొదటి కుదుపుకే ఎగిరి నేల మీద పడింది. ఆ తరువాత కుట్లు కుడినుంచి ఎడమకూ, ఎడమనుంచి కుడికీ సర్రుసర్రున దొర్లుకుంటూ పోవడం చూస్తే, భయం సంగతి అలా ఉంచి, మా ఆచార్యుల మీద గౌరవం పెరిగింది.

కేకవేశాను గానీ, ఇయర్‌ఫోన్లు మంచి రకానివి. ముక్కను గార్డు చేతిలో పెట్టి, "కాస్త పట్టుకోండి బాబాయ్ గారూ" అని దారం వెంట పరుగెత్తాను. గ్రంథాలయం మెట్ల నుంచి క్యాంటీను దాకా మోకాలి ఎత్తున సాగిన నీలం దారాన్ని చూసి, విశ్వవిద్యాలయంలో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. ఇద్దరు అమ్మాయిలు దాని కిందుగా వంగి దాటారు. ఒక లెక్చరరు గారు ఏదో విద్యార్థి సంఘం వారి ధర్నాకు సరిహద్దు కాబోలునని, దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు. పరిశోధక విద్యార్థి టీ కోసం వరుసలో నిలబడి ఉన్నారు. బకిలు నుంచి దారం విడదీస్తూ విషయం చెబితే, ఆయన చాలా నొచ్చుకున్నారు. "వెనక నుంచి ఎవరో లాగుతున్నట్టు అనిపించిందండీ, కానీ థీసిస్ మొదలుపెట్టినప్పటి నుంచి నాకు రోజూ అలాగే ఉంటోంది. అందుకని పట్టించుకోలేదు" అన్నారు. టీ మానుకుని నాతో పాటు వెనక్కి వచ్చారు కూడా.

దారం పొడవును బట్టి నేను దారిలోనే లెక్క వేసుకున్నాను. పోయినవి నలభై వరుసలైతే, ఇంకా సగానికి పైగా మిగిలే ఉంటుంది. సూదులు అడిగి తీసుకుని కుట్లు మళ్ళీ ఎక్కించుకుంటే, ఆ సాయంత్రానికి ఒక పరువైన ముగింపు దక్కేది.

మేము మెట్లెక్కేసరికి గార్డు స్టూలు మీద నిటారుగా కూర్చుని, సంచిలోని ఉండను కూడా తీసి, చివరి మూర దారాన్ని దాని మీద చుట్టేస్తున్నారు. అంత గుండ్రటి ఉండను నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ముక్క కోసం చుట్టూ వెదికాను. ముక్క లేదు. "నూలు నేల మీద చిందరవందర పడుంటే నా పాణం ఒప్పది బిడ్డా" అన్నారాయన. వారిది పోచంపల్లి వైపు నేత కుటుంబమట, చిన్నతనమంతా తండ్రికి కండెలు చుట్టి ఇచ్చారట. దారం వస్తూ ఉంటే చుడుతూనే ఉన్నారు, రావడం ఆగిపోయాక ఆపారు. ఎనిమిది వేల పైచిలుకు కుట్లు బాబాయ్ గారూ, అని నేను గొంతు పెగుల్చుకుని అన్నాను. ఆయన నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను గానీ, ఆయనకు ఆ అంకె చిన్నదిగా తోచింది. ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే రంగులు అద్దేముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టడానికి, వాళ్ళమ్మ చేతిని తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడించేదనీ, భుజం నొప్పితో రాత్రిళ్ళు మూలిగేదనీ, మరునాడు మళ్ళీ కూర్చునేదనీ చెప్పారు. ఆ బాధ చూడలేకే ఆలేరు వైపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారని ఆయనే గుర్తుచేశారు. నా 90 కుట్ల వరుస గురించి ఆ పైన మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది. పరిశోధక విద్యార్థి మాత్రం ఆసు గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగి, నోటు పుస్తకంలో రాసుకున్నారు.

చిక్కు రిజిస్టరు దగ్గర వచ్చింది. ముక్క తన చేతికి వచ్చిన క్షణంలోనే గార్డు దానిని కూడా నియమం ప్రకారం "స్వెటరు ముక్క, 1" అని నమోదు చేశారు. తిరిగి ఇచ్చే గడిలో అదే వస్తువు రాయాలి, పొద్దున సూపర్‌వైజరు వచ్చి రెండు గడులనూ సరిచూస్తారు. ఉండ అని రాస్తే ముక్క ఏమైందని అడుగుతారు, ముక్క అని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఉండను అరచేతిలో వేసుకుని రెండుసార్లు పైకెగరేసి పట్టుకున్నారు. తరువాత స్థిరమైన చేతిరాతతో, "రూపు మారింది, బరువు అంతే" అని రాసి, నా చేత సంతకం పెట్టించుకుని, సాక్షిగా పరిశోధక విద్యార్థి చేత కూడా పెట్టించారు.